బెంగళూరులో వాటర్ ఫిల్టర్ కొనేముందు: మీ కుళాయిలో వచ్చేది ఏ నీళ్లో తేల్చుకోండి

ఫిల్టర్ల షాపులోకి అడుగు పెట్టగానే అడిగేది "బడ్జెట్ ఎంత సార్?" అని. అడగాల్సింది "మీ ఇంటికి ఏ నీళ్లు వస్తాయి?" అని. బెంగళూరులో ఒకే వీధిలో ఎదురెదురుగా ఉన్న ఇళ్లలో కూడా నీళ్లు వేరువేరు. ఒకరికి కావేరి, ఒకరికి సొంత బోరు, సందు చివరి అపార్ట్‌మెంట్‌కి ట్యాంకరు. ముగ్గురికీ అంటగట్టే మిషన్ మాత్రం ఒకటే: ఆర్ఓ ప్లస్ యూవీ ప్లస్ యూఎఫ్ ప్లస్ కాపర్ ప్లస్ ఆల్కలైన్. ఆ ప్లస్సుల్లో మీకు పనికొచ్చేవి ఏవి, దండగ ఏవి అనేది మీ నీళ్లను బట్టి ఉంటుంది, బ్రాండును బట్టి కాదు. అందుకే ఈ గైడులో మిషన్ మాట సగం దాటాక గానీ రాదు, కొంచెం ఓపిక పట్టండి.

మొదటి పని: నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనుక్కోండి

అద్దె ఇల్లయితే ఓనర్‌ని, అపార్ట్‌మెంట్ అయితే వాచ్‌మన్‌ని లేదా ప్లంబర్‌ని అడగండి. అసోసియేషన్ సెక్రటరీ కంటే మోటారు వేసే మనిషికే అసలు సంగతి తెలుస్తుంది. "కావేరి వస్తుందా?" అని అడిగి ఊరుకోకండి, ఎందుకంటే అందరూ వస్తుందనే అంటారు. "వారంలో ఎన్ని రోజులు వస్తుంది, రాని రోజు ఏం పోస్తారు, రెండూ ఒకే సంపులో పడతాయా?" అని అడగండి. ఈ మూడో ప్రశ్నే ముఖ్యం. చాలా బిల్డింగుల్లో కావేరి, బోరు, ట్యాంకరు అన్నీ ఒకే సంపులో కలిసి పైట్యాంకుకి ఎక్కుతాయి. అంటే పొద్దున మీరు తాగింది ఒక నీరు, సాయంత్రం తాగింది ఇంకొకటి.

కావేరి నీళ్లు మండ్య జిల్లాలోని టీకే హళ్లి దగ్గర శుద్ధి అయి, దాదాపు 100 కిలోమీటర్ల దూరం, సుమారు అర కిలోమీటరు ఎత్తు ఎక్కి బెంగళూరు చేరతాయి. మొదటి దశ 1974లో వచ్చింది. ఐదో దశ 2024 అక్టోబర్‌లో మొదలైంది, రోజుకు 77.5 కోట్ల లీటర్లు, ముఖ్యంగా తర్వాత నగరంలో కలిపిన 110 గ్రామాల కోసం. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే వైట్‌ఫీల్డ్, మహదేవపుర వైపు చాలా ఏరియాలు ఆ లెక్కలోకే వస్తాయి. కాకపోతే రోడ్డు మీద పైపు పడటం వేరు, మీ బిల్డింగు కనెక్షన్ తీసుకోవడం వేరు. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు బ్రోకర్ "కావేరి వచ్చేసింది సార్" అంటే, జలమండలి (నగరానికి నీళ్లిచ్చే ప్రభుత్వ సంస్థ) బిల్లు చూపించమనండి.

కావేరి నీళ్లలో ఉప్పులు తక్కువ. టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పులు, ఖనిజాల మొత్తం, లీటరుకు మిల్లీగ్రాముల్లో) మామూలుగా 150 నుంచి 300 లోపు ఉంటుంది. వాటితో సమస్య ఉప్పు కాదు, దారి. నీళ్లు రోజంతా పైపులో ఉండవు. వదలని వేళల్లో పైపు ఖాళీగా ఉంటుంది, పక్కనే డ్రైనేజీ లైను ఉండి ఎక్కడో చిన్న పగులుంటే ఆ మురికి లోపలికి లాగేస్తుంది. దానికి తోడు ఎప్పుడు కడిగారో తెలియని సంపు ఒకటి. అంటే కావేరి ఇంట్లో మనం పోరాడాల్సింది సూక్ష్మజీవులతో.

బోరు కథ దీనికి తిరగబడి ఉంటుంది. ఇక్కడ వెయ్యి అడుగులు దాటి తవ్విన బోర్లు మామూలు విషయం. రాతిలోంచి వచ్చే ఆ నీళ్లు చూడ్డానికి తేటగా ఉంటాయి, కానీ సున్నం, ఉప్పులు నిండుగా ఉంటాయి. మురుగు భూమిలోకి ఇంకే చోట్ల నైట్రేటు కూడా చేరుతుంది. ట్యాంకరు నీళ్లంటే కూడా చాలావరకు బోరు నీళ్లే, కాకపోతే ఎవరి బోరో మీకు తెలియదు, రేపు వచ్చే ట్యాంకరు ఇంకో బోరుది కావచ్చు. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండిపోయి నగరమంతా ట్యాంకర్ల వెంట పడింది గుర్తుందిగా. అలాంటి ఏడాది కావేరి ఇళ్లలో కూడా నీళ్ల స్వభావం మారిపోతుంది. కాబట్టి ఆగస్టులో చూసిన నీళ్లను బట్టి మిషన్ కొనేస్తే ఏప్రిల్‌లో టెన్షన్ తప్పదు.

రెండో పని: కొలవండి

ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే పెన్ను లాంటి టీడీఎస్ మీటరు దొరుకుతుంది. ఫిల్టర్ కొన్నా కొనకపోయినా అది కొనండి. గాజు గ్లాసు శుభ్రంగా కడిగి, వంటింటి కుళాయి ఒక నిమిషం వదిలేసి, ఆ తర్వాత పట్టిన నీళ్లలో ముంచి, అంకె నిలకడగా వచ్చేదాకా ఆగి రాసుకోండి. బాత్రూంలో కాదు, వంటింట్లోనే, ఎందుకంటే కొన్ని పాత ఇళ్లలో వంటింటికి కావేరి కుళాయి విడిగా ఉంటుంది. ఓ పది పదిహేను రోజుల పాటు, కావేరి వచ్చిన రోజు, రాని రోజు, ట్యాంకరు దిగిన రోజు చూడండి. అంకె 220 దగ్గరే తిరుగుతోందా, లేక ఒకరోజు 250, ఇంకో రోజు 900 అంటోందా అన్నది తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే.

తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 2000 వరకు ఒప్పుకుంటారు. కాఠిన్యం, అంటే నీళ్లలోని సున్నం, 200 లోపు, గత్యంతరం లేకపోతే 600. అంటే టీడీఎస్ 350 చూసి గుండెలు బాదుకోవాల్సిన పని లేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ పెన్ను కరెంటు నీళ్లలోంచి ఎంత బాగా పోతుందో కొలిచి, దాన్నిబట్టి ఉప్పుల అంచనా వేస్తుంది, అంతే. బ్యాక్టీరియా కనపడదు. సీసం, ఫ్లోరైడ్ లాంటివి ప్రమాదకరమైన మోతాదులో ఉన్నా ఆ అంకెలో తేడా తెలియనంత చిన్నవి. మురుగు కలిసిన నీళ్లకి టీడీఎస్ 200 రావచ్చు, శుభ్రమైన నీళ్లకి 450 రావచ్చు. నల్గొండ, ప్రకాశం, అనంతపురం వైపు నుంచి వచ్చినవాళ్లకి ఫ్లోరైడ్ అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు, పళ్ల మీద మరకలో, ఎముకల బాధలో మొదలయ్యేదాకా బయటపడదు. బెంగళూరు పక్కనే ఉన్న కోలారు, చిక్కబళ్లాపుర జిల్లాల బోర్లలో కూడా ఆ సమస్య ఉంది.

అందుకే బోరు, ట్యాంకరు ఇళ్లవాళ్లు ఒక్కసారైనా ల్యాబ్ టెస్టు చేయించాలి. ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబులు నగరంలో చాలానే ఉన్నాయి. వాళ్ల పెద్ద ప్యాకేజీ తీసుకోనక్కర్లేదు. పీహెచ్, టీడీఎస్, మొత్తం కాఠిన్యం, ఇనుము, క్లోరైడ్, ఫ్లోరైడ్, నైట్రేటు, కోలిఫాం, ఈ-కోలి (మురుగు కలిసిందేమో చెప్పే బ్యాక్టీరియా) చాలు. రిపోర్టు వచ్చాక చూడాల్సినవి: ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, 1.5 దాటకూడదు. నైట్రేటు 45 దాటకూడదు, దీనికి మినహాయింపు లేదు. కోలిఫాం, ఈ-కోలి 100 మిల్లీలీటర్లలో అస్సలు కనపడకూడదు. బ్యాక్టీరియా టెస్టుకి ల్యాబ్ ఇచ్చే స్టెరైల్ సీసాలోనే పట్టాలి, ఖాళీ కూల్‌డ్రింక్ బాటిల్ కడిగి పడితే ఆ బాటిల్‌లోని క్రిములనే టెస్టు చేయించినట్టు. చల్లగా ఉంచి అదే రోజు చేర్చండి. బిల్డింగు మొత్తానికి నీళ్లు ఒకటే కాబట్టి నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి చేయిస్తే ఖర్చు కూడా తెలియదు. కావేరి నీళ్లే వాసన వస్తున్నా, రంగు మారినా ముందు జలమండలి హెల్ప్‌లైన్ 1916కి ఫిర్యాదు చేయండి. డ్రైనేజీ కలుస్తుంటే దానికి మందు మీ ఫిల్టర్ కాదు, పైపు బాగుచేయడం.

ల్యాబుకి ముందే ఇల్లు కొన్ని సూచనలు ఇస్తుంది. కందిపప్పు ఎన్ని విజిల్స్ వేసినా పలుకుగానే ఉంటే నీళ్లలో సున్నం ఎక్కువున్నట్టు. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా గట్టిగా పొర కడితే కూడా అంతే. బకెట్లో పట్టిన నీళ్లు కాసేపటికి పసుపు, ఎరుపు తిరిగితే ఇనుము. కుళ్లిన గుడ్డు వాసన వస్తే అనుమానించాలి, బ్లీచింగ్ వాసన వేరే సంగతి. రెండోది నిజానికి మంచి కబురు, క్లోరిన్ మీ దాకా చేరిందని అర్థం.

అమ్మేవాళ్లు ఇంటికొచ్చి చూపించే మ్యాజిక్

దీన్ని విడిగా చెప్పడానికి కారణం ఉంది, దీనికి పడిపోయి కొన్నవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే బోలెడంత మంది. కుర్రాడు రెండు గ్లాసులు తీస్తాడు. ఒకదాంట్లో మీ కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో వాళ్ల ఆర్ఓ నీళ్లు. నాలుగు లోహపు కడ్డీలున్న చిన్న పెట్టె తీసి, రెండు గ్లాసుల్లో ముంచి, ప్లగ్గు పెట్టి స్విచ్ వేస్తాడు. నిమిషం తిరక్కుండానే మీ నీళ్లు బుడగలొచ్చి, పచ్చగా, ఆ తర్వాత తుప్పు రంగులోకి తిరిగి, పైన జిగట నురగ తేలుతుంది. ఆర్ఓ గ్లాసు తేటగానే ఉంటుంది. "చూశారా మేడం, పిల్లలు రోజూ తాగేది ఇదే" అంటాడు.

ఆ బురద మీ నీళ్లలోది కాదు. కడ్డీల్లో కొన్ని ఇనుము, కొన్ని అల్యూమినియం. నీళ్లలో ఉప్పులుంటే కరెంటు పారుతుంది, పారితే ఇనుప కడ్డీ కరిగి తుప్పు పడుతుంది. ఆర్ఓ నీళ్లలో ఉప్పులు దాదాపు లేవు కాబట్టి కరెంటు పారదు, కడ్డీ కరగదు. నమ్మకం లేకపోతే ఆ ఆర్ఓ గ్లాసులోనే చిటికెడు వంటింటి ఉప్పు వేసి మళ్లీ స్విచ్ వేయమనండి. అది కూడా తుప్పు రంగులోకే తిరుగుతుంది, కుర్రాడి మొహం కూడా. (కడ్డీలు నీళ్లలో ఉండగా గ్లాసులో వేలు పెట్టొద్దు, అది ఇంటి కరెంటు.)

మూడో పని: ఏ టెక్నాలజీ ఏం చేస్తుందో తెలుసుకోండి

బయట తగిలించే తెల్ల క్యాండిల్, అంటే సెడిమెంట్ ఫిల్టర్, మట్టీ ఇసుకా ఆపుతుంది. కార్బన్ క్లోరిన్‌ని, వాసనను, కొన్ని పురుగుమందుల అవశేషాలను పట్టుకుంటుంది. ఈ రెండూ లేని ఇంటి ఫిల్టర్ దాదాపు ఉండదు, ఎక్కువ చెప్పడానికేమీ లేదు.

యూవీ అంటే అతినీలలోహిత దీపం. క్రిములను, వైరస్‌లతో సహా, పనికిరాకుండా చేస్తుంది. ఉప్పును, సున్నాన్ని ముట్టదు. నీళ్లు తేటగా ఉంటేనే పనిచేస్తుంది, ఎందుకంటే మట్టి రేణువు చాటున దాక్కున్న బ్యాక్టీరియాకి వెలుగు తగలదు. కరెంటు పోతే అదీ పోయినట్టే. ఇంకో తిరకాసు ఉంది: దీపం వెలుగుతున్నట్టు కనపడుతుంది గానీ, ఏడాది వాడకం తర్వాత క్రిములను చంపే శక్తి తగ్గిపోతుంది.

యూఎఫ్ సన్నటి గొట్టాల జల్లెడ, రంధ్రం దాదాపు 0.01 మైక్రాన్. బ్యాక్టీరియా దూరదు, మరీ చిన్న వైరస్‌లు దూరే అవకాశం ఉంది. కరెంటు అక్కర్లేదు. ఉప్పును ఇదీ ఆపదు.

ఆర్ఓ ఒక్కటే కరిగిన ఉప్పులను తీస్తుంది. పంపుతో ఒత్తిడి పెట్టి నీళ్లను మెంబ్రేన్ అనే సన్నటి పొరలోంచి తోస్తుంది, 90 శాతానికి పైగా ఉప్పులు ఆగిపోతాయి. ఫ్లోరైడ్, నైట్రేటు, సీసం, ఆర్సెనిక్ లాంటివి తగ్గించడానికి ఇంట్లో పెట్టుకోగలిగిన వాటిలో నికరమైనది ఇదే. దానికి ఖరీదు నీళ్లే. లీటరు మంచినీళ్లకి రెండు మూడు లీటర్లు వేస్ట్ పైపులోంచి పోతాయి. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్ఓలు నిషేధించమని పర్యావరణ శాఖను ఆదేశించింది కూడా ఈ వృథా చూసే.

కాచడం గురించి అందరి ఇళ్లలో పెద్దవాళ్లు ఒక మాట అంటారు, "కాచి చల్లార్చి తాగితే ఏ ఫిల్టరూ అక్కర్లేదు" అని. కావేరి నీళ్లయితే ఆ మాటలో నిజముంది. బాగా మరగనిచ్చి ఒక నిమిషం ఉంచితే క్రిములు చస్తాయి. బోరు నీళ్లకి మాత్రం సరిపోదు. నైట్రేటు, ఫ్లోరైడ్ ఆవిరైపోవు, నీళ్లు తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడతాయి. ఇంట్లో డబ్బా పాలు తాగే ఆరు నెలల లోపు పసిబిడ్డ ఉంటే దీన్ని చాలా గట్టిగా పట్టించుకోవాలి. నైట్రేటు ఎక్కువున్న నీళ్లతో పాలు కలిపితే పిల్లల రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తి దెబ్బతిని ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది.

కాపర్, ఆల్కలైన్, జింక్ లాంటి వాటి గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను: వాటి కోసం రూపాయి ఎక్కువ పెట్టొద్దు. రాగి చెంబు ఇష్టమైతే రాగి చెంబే కొనుక్కోండి, అది ఏటా మార్చాల్సిన కార్ట్రిడ్జ్ కాదు.

నాలుగో పని: మీ ఇంటికి ఏది

ఏడాది పొడవునా కావేరి ఒక్కటే, టీడీఎస్ 300 చుట్టూ లేదా లోపు: యూవీ, యూఎఫ్ రెండూ ఉన్న మిషన్ తీసుకోండి. ఆర్ఓ వద్దు. ఉన్న కాస్త ఖనిజాలు తీసేసి, నీళ్లు పారబోసి, మళ్లీ "మినరల్ కార్ట్రిడ్జ్"తో వాటినే కలపడానికి డబ్బు కట్టడమేంటి?

సొంత బోరు లేదా ట్యాంకరు, టీడీఎస్ 500 పైన, లేదా రిపోర్టులో ఫ్లోరైడో నైట్రేటో హద్దు దాటింది: ఆర్ఓ తప్పదు. పక్కన యూవీ లేదా యూఎఫ్ ఉంటే మంచిది. 1500 దాటితే ఆ మోడల్ ఎంత టీడీఎస్ వరకు పనిచేస్తుందో డబ్బా మీద చూసి మరీ కొనండి.

300 నుంచి 500 మధ్య, మిగతా రిపోర్టు బాగుంది: ఇది రుచి వ్యవహారం. యూవీ, యూఎఫ్ చాలు. నీళ్లు ఉప్పగా అనిపించి తాగబుద్ధి కాకపోతే ఆర్ఓ పెట్టుకోండి, తప్పేమీ లేదు.

అసలు చిక్కంతా కలగాపులగం సంపు ఉన్న అపార్ట్‌మెంట్లది, బెంగళూరులో ఎక్కువమంది పరిస్థితి అదే. ఒకరోజు 250, ఇంకోరోజు 900. ఇక్కడ ఎక్కువ అంకెను బట్టే కొనాలి, అంటే ఆర్ఓ. షాపువాళ్లు "టీడీఎస్ అడ్జస్టర్ ఉంది, కావాల్సినట్టు తిప్పుకోవచ్చు" అంటారు. ఆ స్క్రూ ఏం చేస్తుందో తెలుసుకోండి: ఆర్ఓలోంచి వచ్చిన నీళ్లకి, ఆర్ఓలోకి వెళ్లని నీళ్లను కొంచెం కలుపుతుంది. ఉప్పదనం తగ్గించడమే మీ పనైతే బానే ఉంటుంది. కానీ మీరు ఆర్ఓ కొన్నదే ఫ్లోరైడ్ కోసమో నైట్రేటు కోసమో అయితే, ఆ స్క్రూ తిప్పడమంటే తీసేసిన విషాన్ని మళ్లీ కలుపుకోవడమే. అలాంటి ఇంట్లో అడ్జస్టర్ పూర్తిగా మూయించి, రుచి చప్పగా అనిపిస్తే మినరల్ కార్ట్రిడ్జ్ పెట్టించండి. బిగించేటప్పుడు ఈ మాట మీరు అడగకపోతే ఎవరూ చెప్పరు.

పీజీలో ఉండేవాళ్లు, ఏడాదికోసారి ఇల్లు మారే బ్యాచిలర్లు గోడకి రంధ్రాలు కొట్టించే మిషన్ జోలికి పోకండి. కావేరి ఉంటే కరెంటు అక్కర్లేని, పైనుంచి నీళ్లు పోసే యూఎఫ్ ఫిల్టర్ చాలు. బోరు అయితే వాటర్ క్యాన్, లేదా వీధిలోని కాయిన్ ప్లాంటు (నాణెం వేస్తే ఆర్ఓ నీళ్లిచ్చేది), లేదా నెల అద్దెకిచ్చే ఆర్ఓ. క్యాన్‌కి ఐఎస్ఐ గుర్తు, సీలు, తేదీ చూడండి. కాయిన్ ప్లాంటు నీళ్లు మీ పెన్నుతో ఒకసారి కొలవండి. బోరు మీద నడిచే ప్లాంటులో అంకె నాలుగు వందలు చూపిస్తే వాళ్ల మెంబ్రేన్ ఎప్పుడో పోయినట్టు.

జుట్టు రాలుతోందని, గీజర్ పాడవుతోందని సాఫ్ట్‌నర్ పెట్టించుకునేవాళ్లున్నారు. అది వేరే పని. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసి సోడియం ఇస్తుంది, టీడీఎస్ తగ్గదు, తాగునీటి ఫిల్టర్‌కి బదులు కాదు.

ఐదో పని: కుళాయిలో ఒత్తిడి, సైజు, ఖర్చు

ఒత్తిడి సంగతి కొనేముందు ఎవరూ చూడరు. పైట్యాంకు నుంచి మీ కుళాయికి పది మీటర్ల ఎత్తు తేడా ఉంటే దాదాపు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. టెర్రస్ కింది అంతస్తులో ఉంటే రెండు మూడు మీటర్లే, అంటే 0.2 నుంచి 0.3 బార్. పంపు లేని యూవీ, యూఎఫ్ మిషన్లు కొన్ని అంత తక్కువకి సన్నటి ధారే ఇస్తాయి. మోడల్ కాగితంలో కనీస ఒత్తిడి ఎంతో చదవండి. ఎత్తైన టవర్లలో దీనికి వ్యతిరేకం, ప్రెషర్ పంపుల వల్ల మూడు బార్ దాటి ట్యూబులు ఊడిపోతాయి, రాత్రిపూట ఊడితే తెల్లారేసరికి హాలంతా చెరువే. వాళ్లు ప్రెషర్ తగ్గించే వాల్వ్ ముందే పెట్టించుకోవాలి, పెద్ద ఖరీదేమీ కాదు.

సైజు విషయంలో ఎక్కువ ఆలోచించక్కర్లేదు. నలుగురున్న ఇంటికి తాగడానికి, వంటకి కలిపి రోజుకు ఇరవై లీటర్ల చిల్లర. ఇంటి ఆర్ఓలు గంటకు పది పన్నెండు లీటర్లు ఇస్తాయి, ఏడెనిమిది లీటర్ల ట్యాంకు చాలు. ఊరి నుంచి చుట్టాలు ఎక్కువగా వచ్చే ఇల్లయితే పెద్ద మిషన్ బదులు మూతున్న స్టీలు బిందె ఒకటి పక్కన నింపి పెట్టుకోండి.

ఖర్చులో కొనే రేటు చిన్న భాగం. మామూలు మిషన్ ఎనిమిది వేల నుంచి ఇరవై వేల మధ్య దొరుకుతుంది. ఆ తర్వాత క్యాండిళ్లు, కార్బన్, మెంబ్రేన్, సర్వీసు కలిపి ఏడాదికి మూడు నుంచి ఆరు వేలు పోతూనే ఉంటాయి. ఐదేళ్లకి లెక్కేస్తే నిర్వహణే మిషన్ ఖరీదు దాటుతుంది. కాబట్టి షాపులో అడగాల్సినవి: మెంబ్రేన్ రేటెంత, కార్బన్ రేటెంత, అవి బయట దొరికే మామూలు సైజువా లేక ఈ కంపెనీవి మాత్రమే పడతాయా, ఏఎంసీలో (ఏడాది సర్వీసు ఒప్పందంలో) మెంబ్రేన్ ఉందా లేదా, మా ఏరియాకి సర్వీస్ మనిషి ఎక్కడి నుంచి వస్తాడు. జవాబులు కాగితం మీద రాసివ్వమనండి. రెండు వేలు తక్కువకి వచ్చే మోడల్‌కి కార్ట్రిడ్జ్‌లు ఆ కంపెనీవే పెట్టాలంటే అది చవక కాదు.

ఆరో పని: బిగించే రోజు దగ్గరుండండి

పాతికేళ్ల కుర్రాడు వచ్చి అరగంటలో బిగించి, సంతకం పెట్టించుకుని, ఫైవ్ స్టార్ రేటింగ్ ఇవ్వమని వెళ్లిపోతాడు. వెళ్లేలోపు నాలుగు పనులు చేయించండి. లోపలికి వెళ్లే నీళ్ల టీడీఎస్, అడ్జస్టర్ పూర్తిగా మూసినప్పుడు బయటికొచ్చే టీడీఎస్, అడ్జస్టర్ పెట్టాక వచ్చేది, మూడూ కొలిచి మిషన్ పక్కన మార్కర్‌తో తేదీ వేసి రాయండి. లోపలికి 800 వెళ్తే, మూసినప్పుడు 80 లోపు రావాలి. మొదట నిండిన ఒకటి రెండు ట్యాంకులు పారబోయించండి, కొత్త కార్బన్ పొడి, మెంబ్రేన్‌లో నిల్వకి వాడిన మందు పోవాలి. మెయిన్ కుళాయి దగ్గర మిషన్‌కి విడిగా మూసే వాల్వ్ ఉండాలి.

నాలుగోది వేస్ట్ పైపు కొలత. ట్యాంకు ఖాళీ చేసి, వేస్ట్ పైపు బకెట్లో పెట్టి, ట్యాంకు నిండేదాకా ఎన్ని నీళ్లు పోయాయో చూడండి. ఏడు లీటర్ల ట్యాంకుకి పద్నాలుగు నుంచి ఇరవై ఒకటి దాకా పోతే సరే. ముప్పై దాటితే ఫ్లో రిస్ట్రిక్టరో (వేస్ట్ నీళ్ల ధారను అదుపు చేసే చిన్న పార్టు) మెంబ్రేనో తేడాగా ఉంది. కొందరు "వేస్ట్ తగ్గిస్తా సార్" అని ఆ రిస్ట్రిక్టర్‌ని బిగించేస్తారు, ఒప్పుకోకండి. ఆ నీళ్లు ఉప్పును కడుక్కుంటూ పోవాలి, ఆపేస్తే సున్నం మెంబ్రేన్ మీదే పేరుకుని ఏడాది తిరక్కుండా చస్తుంది.

ఆ వేస్ట్ నీళ్లను సింకులోకి వదలకండి, బకెట్లోకి పట్టండి. ఇల్లు తుడవడానికి, బాత్రూం కడగడానికి, కారు తుడవడానికి వాడొచ్చు. 2024 మార్చిలో తాగునీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి చెప్పింది గుర్తుంటే, ఈ బకెట్టు విలువ తెలుస్తుంది. మొక్కలకి మాత్రం రోజూ పోయకండి. లోపలికి 900 వెళ్తే ఆ బకెట్లో అంకె వెయ్యి దాటుతుంది, తులసి కుండీలో మట్టి తెల్లబారుతుంది.

ఆ తర్వాత

సర్వీసు క్యాలెండర్‌ని బట్టి కాదు, నీళ్లను బట్టి చేయించండి. బయటి క్యాండిల్ గోధుమరంగుకి తిరిగితే మార్చాలి, దాన్ని మీరే మార్చుకోవచ్చు. నెలకోసారి పెన్ను పెట్టి చూడండి. 40 ఉన్నది మెల్లగా 90, 120 అవుతుంటే, లోపలికి వెళ్లే అంకె అలాగే ఉంటే, మెంబ్రేన్ అయిపోతోంది. అంకె మారలేదు గానీ ధార సన్నబడిందంటే ముందు క్యాండిల్, కార్బన్ చూడాలి. సర్వీస్ అబ్బాయి వచ్చి మీటరు తీయకుండానే "మెంబ్రేన్ పోయింది మేడం" అంటే మీ పెన్ను తీసి చూపించండి. మార్చిన పాత పార్టు ఇంట్లోనే వదిలి వెళ్లమనండి, కొత్తదాని మీద మీ కళ్లముందే తేదీ రాయించండి. కార్బన్‌ని, యూవీ దీపాన్ని మాత్రం పెన్ను పట్టుకోలేదు, వాటిని ఏడాదికోసారి మార్చేయడమే.

ట్యాంకు లోపల వేలు పెట్టి రాసి చూడండి, జారుడుగా తగిలితే క్రిములు పొర కట్టినట్టు. ఎంత శుద్ధి చేసిన నీళ్లైనా ఆ ట్యాంకులో పడి పాడవుతాయి. మూడు నెలలకోసారి కడిగించండి. బిల్డింగు సంపు, పైట్యాంకు ఆరు నెలలకోసారైనా కడిగించమని అసోసియేషన్ గ్రూపులో అడగండి, అడిగితే గొడవ అవుతుంది, అయినా అడగండి.

సంక్రాంతికో ఎండాకాలం సెలవులకో ఊరెళ్లేటప్పుడు మిషన్ స్విచ్ ఆపి, నీళ్ల వాల్వ్ మూసి, ట్యాంకు ఖాళీ చేసి వెళ్లండి. తిరిగొచ్చాక మొదట నిండిన ట్యాంకు మొత్తం పారబోసి, రెండోదాని నుంచి తాగండి. నెల దాటి తాళం వేసి ఉంటే క్యాండిల్, కార్బన్ కూడా మార్పించేసుకోండి, ఆ రోజుకి వీధి చివర క్యాన్ ఒకటి తెప్పించుకుంటే సరిపోతుంది.